ఐదులు ఐదులుగా

నీలం పళ్లెంలో బిళ్లలు పోసి
ప్లాస్టిక్ గరిటెతో ఐదులు ఐదులుగా జరుపుతాను.
ముప్పై అయ్యాక మళ్లీ మొదటి నుంచి.
ఈ మందుకి రెండు లెక్కలు, రెండు సంతకాలు,
బీరువాకి రెండు తాళాలు.
పదహారేళ్లుగా ఇదే పని నాకు, మిజూలాలో,
రైలు పట్టాల పక్కనున్న మందుల షాపులో.
పేరు మార్లిస్. బ్యాడ్జీ మీద సగం చెరిగిపోయింది.

ఆ కుర్రాడు మొదట జనవరిలో వచ్చాడు,
ఒక్క చేతికే గ్లౌజుతో.
టియోడోరో ఆర్చులేటా, పందొమ్మిదేళ్లు,
ఇక్కడి కాలేజీలో రాళ్ల గురించి చదువుతున్నాడు.
ఇల్లు న్యూ మెక్సికోలో. చీటీ రాసిన డాక్టరమ్మ కూడా అక్కడే.

గుర్తింపు కార్డు అడిగాను.
జేబులన్నీ కౌంటరు మీద బోర్లించాడు:
సగం కొరికిన బిస్కెట్టు, ఎవరిదో పెన్ను,
ఒక గులకరాయి,
ఒక సైకిలు తాళంచెవి. సైకిలు పోయి నెలైందట.
కార్డు మాత్రం రూములో ఉంది.

మర్నాడు కార్డు తెచ్చాడు,
అప్పటికి నేను షట్టరు దించేస్తున్నాను.
మూడోసారి అన్నీ ఉన్నాయి, చీటీయే చెల్లలేదు.
వేరే రాష్ట్రం సంతకం కదా,
మా మేనేజరు కంప్యూటరుకేసి చూసి తల అడ్డంగా ఊపాడు.
డాక్టరమ్మతో మాట్లాడాలట.
ఆవిడ మంగళవారాలే దొరుకుతుంది. ఆ రోజు బుధవారం.

"పోనీ అమ్మ పార్సిల్లో పంపిస్తే?" అన్నాడు గొంతు తగ్గించి.
"ఆ మాట నాకు వినపడలేదు," అన్నాను.

నాలుగోసారి చీటీ సరిపోయింది, సరుకు లేదు.
ఎప్పుడొస్తుందో ఫోన్లో చెప్పకూడదు.
మనిషే వచ్చి అడగాలి, బస్సెక్కి, మంచులో.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే,
ఆ పూజారిని నేనే. తెల్లకోటు వేసుకుని
గుడి తలుపు దగ్గర రూల్సు చదువుతుంటాను.
తేదీలు నిలవని బుర్రకి తేదీల పరీక్ష పెడతాను.
మూడు రోజులు ముందొస్తే దొంగను చూసినట్టు చూస్తాను.
మూడు రోజులు ఆలస్యమైతే
"మరి అంత అవసరమైతే" అని మనసులో అనుకుంటాను.
అనుకున్నాను కూడా. ఎందుకు దాచాలి?

"మందు లేకపోతే ఎలా ఉంటుంది?" అని ఒకసారి అడిగాను,
లైన్లో వెనకెవరూ లేకపోతే.
కాసేపు ఆలోచించాడు.
"సారు వాక్యం మొదలుపెట్టినప్పుడు క్లాసులోనే ఉంటానండీ.
ఆయన ముగించేసరికి
కిటికీ బయట మంచు తోసే బండి నడుపుతుంటాను."
నవ్వాడు. నేనూ నవ్వబోయి ఆగాను.
వాడి పెదాలు చలికి పగిలి ఉన్నాయి.

ఫిబ్రవరి పదహారున సరుకొచ్చింది.
ఐదు, పది, పదిహేను. ముప్పై. మళ్లీ ముప్పై.
సంతకం పెట్టాడు, రెండుసార్లు థాంక్స్ చెప్పాడు,
తలుపు గంట మోగింది.
పావుగంటకి చూద్దును కదా,
బీపీ చూసే కుర్చీలో తెల్ల సంచి కూర్చుని ఉంది
పిలుపు కోసం ఎదురుచూసే పేషెంటులా.

కోటు లేకుండానే పరిగెత్తాను.
గేటు దగ్గర ఉన్నాడు. గూడ్సు పోతోంది.
"బాబూ, టియో!" అన్నాను.
తల తిప్పలేదు, వేలెత్తి ఆగమన్నాడు.
ఆగాను. చెవులు కొరికే చలి.
నన్ను ఆగమన్నవాళ్లు ఈ మధ్య ఎవరూ లేరు,
ఆగమనడం నా ఉద్యోగం.

ఆఖరి పెట్టె దాటింది.
"నూట పదకొండు," అన్నాడు. "బొగ్గు. మధ్యలో మూడు ఖాళీ."
ఒక్కటీ తప్పలేదు, నాకు తెలుసు.
ఆమాత్రం లెక్క నేనూ పెట్టాను.
అప్పుడు చూశాడు నా చేతిలో సంచిని.
వాడి మొహం ఎలా అయిపోయిందో రాయను.

మార్చి పదహారు కింద పెన్సిలుతో 'టియో' అని రాసుకున్నాను.
షాపు క్యాలెండరు మీద అలా రాయకూడదు.

ఇవాళే పదహారు. బీరువా తెరిచే ఉంది.
ఐదు, పది, పదిహేను,
తలుపు గంట మోగింది. తలెత్తాను.
రెండు చేతులకీ గ్లౌజులున్నాయి.
వాడు కాదు.